నీటిని కాచు నేలను అమ్ముట ఎవరి హక్కు?

నగరమునకు నీరిచ్చు జలాశయమును తలచునపుడు మనకు ఆనకట్ట కనబడును, తూములు కనబడును, నీటిని వడగట్టు యంత్రశాలయు ఊరివరకు సాగిపోవు గొట్టములును కనబడును. కాని ఆ నీటివైపు వాలియున్న మిట్టలును, వానచినుకును తొలుత అందుకొని, దానితో కొట్టుకొని వచ్చిన బురదను మలినమును తమయందే నిలుపుకొని, తేరిన నీటిని నెమ్మదిగా దిగువకు విడుచు అడవులును గడ్డినేలలును మన లెక్కలోనికి రావు. నీటి సంస్థల జమాఖర్చుల పుస్తకములలో సైతము అవి ఖాళీస్థలములుగనే, ఆదాయము తేని ఆస్తిగనే నమోదగుచుండును. కనుకనే సంస్థకు డబ్బు అవసరమైనపుడు మొదట చూపు పడునది వానిమీదనే. ఇట్టి నేలల విక్రయమును శాసనముచేత కట్టుదిట్టము చేయవలయుననియు, అమ్మకమువలన లాభము పొందు సంస్థకే అమ్మవచ్చునా కూడదా అను నిర్ణయమును విడిచిపెట్టరాదనియు నా దృఢమైన అభిప్రాయము. ఇందుకు ఆధారముగా అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు అనుభవమును కొంత విపులముగా చెప్పెదను. అది చిన్న రాష్ట్రము. అయినను ఈ ప్రశ్నను అంత శ్రద్ధతో విచారించిన ప్రభుత్వములు అరుదు.

ఆ రాష్ట్రములోని న్యూ హేవెన్ నగరమునకు నీరిచ్చుటకై 1849లో అధికారపత్రము పొందిన న్యూ హేవెన్ వాటర్ కంపెనీ, నూరేండ్లకు పైబడిన కాలములో, తన జలాశయముల చుట్టునున్న పొలములను కొండలను అడవులను కొద్దికొద్దిగా కొనుచు వచ్చినది. ఫిల్టరు యంత్రములు ఇంకను అంతగా వ్యాపింపని ఆ దినములలో నీటిని నిర్మలముగా నుంచుటకు ప్రధానమైన ఉపాయము, నీరు పారివచ్చు భూమిలో ఇండ్లును పశువుల కొట్టములును మురుగుగుంటలును లేకుండ చూచుకొనుటయే. అట్లు కొన్న నేల వేలాది యెకరములై, అనేక పట్టణముల పొలిమేరలలో పచ్చని అడవిగా ఎదిగినది. 1974లో అమెరికా కాంగ్రెసు సురక్షిత తాగునీటి చట్టమును చేయగా, ఇకమీదట పెద్దయెత్తున ఫిల్టరు ప్లాంట్లు కట్టవలసివచ్చుననియు, అందులకు ధనము కావలయుననియు, ఆ ధనమునకై తన భూమిలో సగమునకు మించిన భాగమును, అనగా సుమారు 16 వేల యెకరములను, అమ్మివేయుదుననియు ఆ కంపెనీ ప్రకటించినది.

కంపెనీ వాదములో బొత్తిగా తర్కము లేకపోలేదు. పూర్వము నీటిని శుద్ధిచేసినది నేల. ఇకమీదట శుద్ధిచేయబోవునది యంత్రము. యంత్రము వచ్చిన తరువాత నేలతో పని యేమి? పైకి నిష్కల్మషముగా తోచు ఈ ప్రశ్నయే ఈ విషయములో మిక్కిలి ప్రమాదకరమైనది. ఏలయన, యంత్రము ఎంత మంచిదైనను తన లోనికి వచ్చు నీటి గుణమునుబట్టియే పనిచేయును. పై నేలనుండి వచ్చు మలినము హెచ్చినకొలది దానికి కావలసిన మందులును వ్యయమును హెచ్చును. ఒక్కదినము అది తప్పినచో వెనుక దిక్కయియుండవలసిన నేల అప్పటికి అన్యాక్రాంతమై, ఇండ్లతోను రోడ్లతోను నిండియుండును. 1993 వసంతమున మిల్వాకీ నగరములో జరిగిన దారుణము ఇందులకు నిదర్శనము. మిషిగన్ మహాసరస్సు నీటిని అచట యథావిధిగా వడగట్టి, క్లోరిన్ కలిపి ఇచ్చుచుండగనే, క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియమ్ అను సూక్ష్మజీవి వడపోతను దాటి కుళాయిలలోనికి వచ్చి, సుమారు 4 లక్షల మందిని రోగపీడితులను గావించినది. వడపోత యుండెను, అయినను నగరము జబ్బుపడినది. తాగునీటి విషయములో ఒక రక్షణకు వెనుక మరియొక రక్షణ, దానికి వెనుక ఇంకొకటి ఉండవలయునని ఇంజనీర్లు చెప్పుట ఇందుకొరకే. ఆ వరుసలో మొట్టమొదటిది నేల.

నేలయా యంత్రమా అను ఇదే ప్రశ్నకు న్యూయార్కు నగరము ఇచ్చిన సమాధానము వేరు. క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండలనుండి వచ్చు నీటికి ఫిల్టరు ప్లాంటు కట్టవలసివచ్చినచో 600 నుండి 800 కోట్ల డాలర్లు కావచ్చునని లెక్కవేసి, ఆ వ్యయముకంటె నేలను కాపాడుకొనుటయే మేలని యెంచి, ఆ నగరము 1997లో రాష్ట్ర ప్రభుత్వముతోను కొండప్రాంతపు గ్రామములతోను ఒడంబడిక చేసికొని, అమ్ముట కిష్టపడిన వారియొద్దనుండి భూమిని కొనుటకు మొదలిడినది. పూర్వమే పెద్దలు కొనిపెట్టిన నేలను ఒకచోట అమ్మబోవుచుండగా, అట్టి నేల చాలక మరియొకచోట కొత్తగా కొనుచున్నారు. అమ్మినవారు తరువాతి తరమునకు ఆ నేలను తిరిగి కొనుపని అప్పగించుచున్నారని, అదియును ఇండ్లు లేచిన తరువాతి వెలకు అప్పగించుచున్నారని, ఈ రెండు ఉదాహరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి తెలియకపోదు.

న్యూ హేవెన్ కంపెనీ ప్రకటనకు కనెక్టికట్ శాసనసభ తొందరపడి చట్టము చేయలేదు. 1975లో అట్టి విక్రయములను తాత్కాలికముగా నిలిపివేసి, విషయమును విచారించుటకు ఒక మండలిని నియమించి, ఆ మండలి పరిశీలన ముగిసిన మీదట 1977లో చట్టము చేసినది. ఆ చట్టము నీటి కంపెనీల నేలలను మూడు తరగతులుగా విభజించినది. జలాశయపు పై నీటిమట్టమునుండి 250 అడుగుల లోపలను, దానిలో కలియు వాగులనుండి 100 అడుగుల లోపలను, తాగునీటి బావులనుండి 200 అడుగుల లోపలను ఉన్న నేలయు, అట్టి మరికొన్ని సున్నితమైన స్థలములును మొదటి తరగతి. పరీవాహక ప్రాంతములోని మిగిలిన నేల ప్రధానముగా రెండవ తరగతి. పరీవాహకమునకు వెలుపల, నీటితో సంబంధము లేని నేల మూడవది. మొదటి తరగతి నేలను ప్రైవేటు వ్యాపారికి అమ్ముటకు వీలులేదు. రాష్ట్రమో, పురపాలకమో, మరియొక నీటి సంస్థయో వంటి ప్రజాహితమునకు కట్టుబడిన చేతులలోనికే, అదియును కఠినమైన నియమములతో, పోవలయును. రెండవ తరగతి నేలను అమ్మదలచినను, దాని వినియోగమును మార్చదలచినను, నీటి సరఫరాకు హాని లేదని ఋజువు చేసి అనుమతి పొందవలయును. మూడవ తరగతి నేలకు ఇంత కట్టడి లేదు గాని, అమ్ముటకు ముందు ఆ పట్టణమునకును రాష్ట్రమునకును తెలియజేసి, కొనదలచినచో వారికి ముందుగా అవకాశమీయవలయును.

ఈ విభజనలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది, అది నేల ధరను గాని, కంపెనీ అవసరమును గాని, కొనువాని పలుకుబడిని గాని చూడక, నీటితో ఆ నేలకుగల సంబంధమును మాత్రమే చూచుట. 250 అడుగుల లోపలనున్న నేల మార్కెట్టు పెరిగినంతమాత్రమున 300 అడుగుల దూరమునకు జరుగదు. మరియొక విశేషము, అనుమతి నిచ్చు అధికారమును రాబడి శాఖకో పరిశ్రమల శాఖకో గాక ప్రజారోగ్య శాఖాధిపతికి అప్పగించుట. అమ్మకమువలన ఖజానాకు ఎంత వచ్చునని అడుగుట ఆయన పని కాదు. ఆ నీరు త్రాగు వారికి ఏమగునని అడుగుటయే ఆయన పని. ప్రశ్నను ఎవరి బల్లమీద పెట్టుచున్నామో దానినిబట్టియే జవాబు వచ్చుచుండుట మన పరిపాలనలో నిత్యము చూచుచున్నదే.

న్యూ హేవెన్ కథ చట్టముతో ముగియలేదు. శాసనసభ 1977లోనే ఒక ప్రాంతీయ జలసంస్థను సృష్టించగా, అది 1980లో ఆ కంపెనీని నేలతో సహా కొన్నది. ఆ సంస్థ విధానములను నిర్ణయించు ప్రతినిధి మండలి యేర్పాటు మన నాయకులు శ్రద్ధగా చదువదగినది. అందులో ప్రతి పట్టణమునకు ప్రతినిధి కలడు. కాని వారి వోట్లు సమానములు కావు. ఆ పట్టణములో నీరు కొను వినియోగదారుల సంఖ్యనుబట్టియు, ఆ పట్టణములో సంస్థకుగల భూమి యెకరములనుబట్టియు వోటు బరువు నిర్ణయింపబడును. నీరు త్రాగు పెద్ద నగరమునకు జనబలముచేత వోటు వచ్చును; ఆ నీటిని తన అడవులలో కాచియిచ్చు చిన్న గ్రామమునకు భూబలముచేత వోటు వచ్చును. పన్ను రాని నేలను మోయుచున్న పట్టణములకు పన్నునకు బదులుగా సంస్థ సొమ్ము చెల్లించును. అడవిని కాచుట పల్లెల కర్తవ్యమని ఉపన్యసించి, దానివలన కలుగు నష్టమును వారి నెత్తిననే విడిచిపెట్టుట న్యాయము కాదని గ్రహించినవారే ఇట్టి యేర్పాటు చేయగలరు. ఆ సంస్థ చేతిలో నేటికిని 27 వేల యెకరములకు పైగా భూమి కలదు.

అదే రాష్ట్రములోని బ్రిడ్జిపోర్టు ప్రాంతపు కథ ఇంత తేలికగా తీరలేదు. అచ్చటి నీటి కంపెనీ ప్రైవేటు చేతులలోనే యుండి, గత శతాబ్దపు చివర ఇంగ్లండులోని యార్క్‌షైరుకు చెందిన కెల్డా సంస్థ పరమైనది. సముద్రమునకు ఆవలినుండి వచ్చిన యజమాని ఈ అడవులను ఏమి చేయునో అను భయము జనులలో వ్యాపించినది. చట్టము మొదటి రెండు తరగతులను కాపాడుచున్నను, మూడవ తరగతి నేల ఇంచుమించు బయటనే యున్నది. పైగా అనుమతులు నేడు నిరాకరింపబడినను రేపు అడుగబడుచునే యుండును. తుదకు రాష్ట్ర ప్రభుత్వమును నేచర్ కన్సర్వెన్సీ అను పరిరక్షణ సంస్థయు కలిసి, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో, 15 వేల యెకరములకు పైబడిన భూమిని 9 కోట్ల డాలర్లతో రక్షించినవి. కొంత నేలను నేరుగా కొనియు, మిగిలినదానిపై నిర్మాణములు చేయరాదను శాశ్వతమైన హక్కును కొనియు. అది నేడు సెంటెన్నియల్ వాటర్‌షెడ్ రాష్ట్ర అరణ్యమని పిలువబడుచున్నది. ఆ నీటి కంపెనీ తరువాత 2007లో ఒకసారియు, 2017లో మరియొకసారియు చేతులు మారినది. కంపెనీల యజమానులు పదేండ్లకొకసారి మారుదురు. నేల ఒకసారి పోయినచో పోయినదే. ఆ ఒడంబడిక ముందుగా కుదిరియుండనిచో ప్రతి కొత్త యజమాని రాకతోను ఆ భయము తిరిగి తలయెత్తియుండెడిది.

ఇది చూచి నేను నేర్చినది, చట్టము మొదటనే పూర్తిగా చేయవలయునని. అచ్చటికి సమీపమున నున్న న్యూ జెర్సీ రాష్ట్రము 1988లో నీటి సంస్థల పరీవాహక భూముల అమ్మకములను నిలిపి, ప్రతి బదిలీయు ఒక సమీక్షామండలి యెదుటికి రావలయునని విధించినది. నేడు ఆ రాష్ట్రములో కాపురమున్న మన తెలుగు కుటుంబములు అసంఖ్యాకములు. వారి కుళాయిలలోని నీటికి ఆ చట్టమును ఒక కాపుదలయే.

నీటి కంపెనీ భూమి దాని స్వంత ఆస్తి గదా, స్వంత ఆస్తిని అమ్ముకొను హక్కు లేదా యని అడుగువారు కలరు. ఆ భూమిని కొన్న సొమ్ము ఎవరిదో వారు ఆలోచింపవలయును. నీటి కంపెనీకి పోటీ లేదు. జనులకు వేరొక కుళాయి లేదు. నెలనెలా బిల్లు రూపమున వారు చెల్లించిన సొమ్ముతోనే, ప్రజావసరమను పేరుతోనే, ఆ నేల నాటి తక్కువ ధరకు సేకరింపబడినది. నాడు నీటికొరకని చెప్పి కొన్నదానిని నేడు ఇండ్లకొరకని చెప్పి అమ్మి, మధ్య పెరిగిన విలువను వాటాదారులకు పంచుట న్యాయమని నేనెంతమాత్రము అంగీకరింపజాలను. ప్రభుత్వ సంస్థ అమ్మినను ఇదే మాట. ఖజానా లోటును పూడ్చుటకు వచ్చిన సొమ్ము ఒక్క బడ్జెటుతో ఖర్చగును. జనులకు ఇండ్లు అక్కరలేదా యని మరికొందరు అందురు. కావలయును, కాని తాగునీటి చెరువు గట్టునకు 250 అడుగులలోపల తప్ప ఇండ్లకు చోటు లేని నగరము ప్రపంచములో ఎచ్చటను లేదు.

ఇక మన హైదరాబాదు మాట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొన్న తరువాత, నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రావించి, వారి సలహాననుసరించి మూసీపై గండిపేట యని జనులు పిలుచు ఉస్మాన్‌సాగరును, దాని ఉపనది యగు ఈసీపై హిమాయత్‌సాగరును కట్టించినది. మొదటిది 1920లోను రెండవది 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు పుట్టిన ఆ జంట జలాశయములే తరములపాటు ఊరికి నీరు త్రాపినవి. వాని పరీవాహక ప్రాంతమును కాపాడుటకు 1996 మార్చి 8న వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వు, అనగా జీ.ఓ. 111, పదికిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో, సుమారు 1 లక్షా 32 వేల యెకరములలో, కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించినది. ఆ పరిధిలో ఒక నూనెల కర్మాగారమునకు మినహాయింపు నిచ్చిన వ్యవహారము సుప్రీంకోర్టువరకు పోగా, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ఎం.వి. నాయుడు గారల మధ్య నడచిన ఆ వ్యాజ్యములో న్యాయస్థానము 1999, 2000 సంవత్సరములలో ఇచ్చిన తీర్పులు, హాని జరుగునేమో అను సందేహమున్నపుడు నీటిపక్షమే వహింపవలయునని దేశమంతటికి మార్గము చూపినవి. మన గండిపేట నీటికొరకు పుట్టిన న్యాయమది.

అట్టి రక్షణ 2022 ఏప్రిల్ 12న వెలువడిన జీ.ఓ. 69తో సడలినది. జంట జలాశయములనుండి నగరమునకు వచ్చు నీరు మొత్తములో 1.25 శాతమునకు లోపేననియు, కనుక పూర్వపు నిషేధములతో పని లేదనియు అందు చెప్పబడినది. 1974లో న్యూ హేవెన్ కంపెనీ చెప్పినది ఇదే గదా! యంత్రము వచ్చినది కనుక నేల అక్కరలేదని వారన్నారు. కృష్ణ, గోదావరి వచ్చినవి కనుక నేల అక్కరలేదని మనమన్నాము. నూరు కిలోమీటర్లకు పైగా దూరమునుండి, కొండంత యెత్తునకు, విద్యుత్తుతో తోడి తెచ్చుకొను నీరు పుష్కలముగా నున్నంతకాలము ఆ మాట చెల్లును. నాగార్జునసాగరములో మట్టము అడుగంటిన యేటనో, పంపులు ఆగిన వారమునో, ఊరి ప్రక్కన స్వయముగా పల్లమునకు పారివచ్చు నీటి విలువ తెలిసివచ్చును. అదియుగాక ఆ జలాశయములు వరదను ఆపుటకు కట్టినవి. చుట్టునున్న నేల కాంక్రీటు కప్పుకొన్నచో వానలో నీరు నిలువక ఒక్కపెట్టున వచ్చి పడును.

న్యాయముగా ఒక భేదమును ఇక్కడ గుర్తింపవలయును. 84 గ్రామముల నేలలో చాలభాగము రైతుల పట్టా భూమి. నీటి సంస్థ ఆస్తి కాదు. గండిపేటకు అనతిదూరమున కోకాపేటలో 2023 ఆగస్టున నగరాభివృద్ధి సంస్థ యగు హెచ్.ఎం.డి.ఏ. వేలములో ఒక ఖండమునకు ఎకరము వెల 100 కోట్ల రూపాయలు దాటగా, ప్రక్క గ్రామపు రైతు తన పొలమును చూచికొని నిట్టూర్చుట సహజము. నగరపు నీటికొరకు అతడు పాతికేండ్లు మోసిన భారమునకు నగరము ఏమియు చెల్లింపలేదు. నిర్మాణము చేయరాదను హక్కును వెలకట్టి అతనియొద్ద కొనవచ్చును, ఏటేటా పరిహారమీయవచ్చును. ఏదియు ఈయక నిషేధమును మాత్రము విధించుటవలననే ఆ నిషేధమునకు గ్రామములలో మిత్రులు లేకపోయిరి. మిత్రులు లేని నిషేధము ఒక్క కలము పోటుతో పోయినది.

కాని ప్రభుత్వము చేతిలోను, 1989 నాటి చట్టముతో ఏర్పడిన నగరపు నీటి సంస్థ యగు జలమండలి చేతిలోను, ఇతర ప్రభుత్వ శాఖల చేతిలోను ఉన్న శిఖం భూములకును, అనగా చెరువు గర్భపు నేలలకును, పూర్తి నీటిమట్టమునకు ఆనుకొనియున్న నేలలకును ఈ చిక్కు లేదు. వానిని కాపాడుటకు పరిహారము అక్కరలేదు, భూసేకరణ అక్కరలేదు, అమ్మకుండుట చాలును. జీ.ఓ. అనునది సచివాలయములో పుట్టి సచివాలయములోనే మరణించు వస్తువు. దాని స్థానమున శాసనసభ చర్చించి ఆమోదించిన చట్టము రావలయును. జంట జలాశయములకే గాక, విశాఖపట్టణపు ముడసర్లోవ జలాశయము మొదలు చిన్న పురపాలకముల వేసవి నిల్వచెరువుల వరకు, రెండు తెలుగు రాష్ట్రములలోను నీటి సంస్థల యధీనమునందున్న ప్రతి సెంటును అట్టి చట్టము నీటితో దానికిగల సంబంధమునుబట్టి తరగతులుగా విభజింపవలయును. మొదటి తరగతి నేలను ఎవరికిని, ఏ ధరకును, ఏ ప్రజాప్రయోజనము పేరుతోను అన్యాక్రాంతము చేయరాదు. రెండవదానికి అనుమతి నిచ్చు అధికారము ప్రజారోగ్య శాఖకు ఉండవలయును. ఆ దరఖాస్తు గ్రామసభలోను పత్రికలలోను ప్రకటింపబడి, పౌరుల అభ్యంతరములు వినబడవలయును. తప్పక అమ్మవలసివచ్చిన నేలమీది సొమ్ము సాధారణ ఖజానాలో కలియక, పరీవాహకమున మరియొక నేలను కొనుటకును, పైన చెప్పిన రైతులకు పరిహారమిచ్చుటకును మాత్రమే వినియోగపడవలయును.

వీనికంటె ముందు జరుగవలసిన పని యొకటి కలదు. ఏ జలాశయము చుట్టు ఏ సంస్థకు ఎంత నేల కలదో, అందులో ఎంత ఆక్రమణకు గురియైనదో తెలుపు సర్వే పటములు, సర్వే నంబర్లతో సహా, గ్రామ పంచాయతీ గోడమీద ఎవరైనను చూడదగినట్లు ప్రకటింపబడవలయును. సరిహద్దు రాళ్లు నాటబడవలయును. ఆ పని ముగియువరకు, కనెక్టికట్ శాసనసభ 1975లో చేసినట్లు, జలమండలి గాని, పురపాలకము గాని, మరి యే ప్రభుత్వ సంస్థ గాని తాగునీటి జలాశయపు పరీవాహకములో ఒక్క యెకరమునైనను వేలమునకు పెట్టరాదని రెండు ప్రభుత్వములును వెంటనే ఆర్డినెన్సులు జారీచేయించి, వచ్చు సమావేశములలో వానిని శాసనసభల యెదుట ఉంచవలయును.